అరవై రాత్రుల కార్డు

మా బావకి స్నానం కాగానే తువ్వాలు నేల మీద పడేసే అలవాటుంది. హోటళ్ళలో అంతేనట. నేల మీద ఉంటే ఉతకడానికి తీసుకెళ్తారట, కొక్కేనికి తగిలిస్తే మళ్ళీ వాడుకుంటారులే అని వదిలేస్తారట. ఆ పద్ధతి ఆయన ఒంటికి పట్టేసింది. మా అక్క ఇరవై రెండేళ్ళుగా నోరెత్తకుండా ఆ తువ్వాలు తీసి బకెట్లో వేస్తోంది. నేనైతే మొదటి వారంలోనే దాన్ని ఆయన మెడకి చుట్టేదాన్ని. అందుకే దేవుడు నాకు మొగుణ్ణి ఇవ్వకుండా ఒక మగాణ్ణి కాపాడాడని బావ అంటాడు.

బావ పని ఆస్పత్రుల్లో ఎక్స్‌రే మిషన్లు బాగుచేయడం. ఎక్కడో ఒక ఊళ్ళో మిషన్ మొరాయిస్తుంది, ఫోనొస్తుంది, సాయంత్రానికల్లా ఈయన పనిముట్ల పెట్టె పట్టుకుని బస్సులో ఉంటాడు. కాళ్ళకి చక్రాలు కట్టుకుని తిరిగే మనిషి, నెలలో సగం రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. పెళ్ళైన కొత్తలో "మా ఆయన" అనే అక్క, కొన్నేళ్ళకి "మా చుట్టం" అనడం మొదలుపెట్టింది. చుట్టపుచూపుగా వచ్చే మనిషిని ఇంకేమంటారు? వీధిలో కూడా అదే పేరు స్థిరపడిపోయింది. "మీ చుట్టం దిగాడా అమ్మా?" అని పాలవాడు అడిగి మరీ ఇంకో ప్యాకెట్ ఇచ్చేవాడు.

అక్క ముందుగదిలో ఆరుగురు పసిపిల్లల్ని చూసుకుంటుంది. తల్లులు మొదటి షిఫ్టుకి వెళ్తూ పొద్దున్న ఆరింటికే దింపేస్తారు. ఆదివారం తప్ప సెలవు లేదు. నేను మేడ మీద వాటాలో ఉంటాను, పోస్టాఫీసు కౌంటర్లో పని చేస్తాను. తేదీలు చూడటం, ముద్ర కొట్టడం, జనాన్ని కసురుకోవడం నా వృత్తి.

అక్క వంటింటి గోడకి క్యాలెండర్ ఉంటుంది. బావ ఇంట్లో పడుకున్న రాత్రికి ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుడుతుంది. లేని రాత్రి ఖాళీగా వదిలేస్తుంది. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. కొత్త ఏడాది రాగానే పాత క్యాలెండర్ చుట్టచుట్టి బీరువా మీద పెడుతుంది. ఒకసారి దుమ్ము దులుపుతుంటే అవన్నీ దొర్లుకుంటూ నా నెత్తి మీద పడ్డాయి. విప్పి చూశాను. ఎక్కడ చూసినా ఖాళీ గళ్ళే. నాకు ఏడుపొచ్చింది, అక్కకి మాత్రం దుమ్ము అని చెప్పాను.

ఇక బావ దగ్గర ఉండేది నోటుపుస్తకం. ఆయన వెళ్ళే ఊళ్ళలో కొన్నింట్లో ఒకే కంపెనీ హోటళ్ళున్నాయి. వాళ్ళు ఆయనకో కార్డిచ్చారు. కార్డుకి మూడు మెట్లు. ఏడాదిలో పది రాత్రులు పడుకుంటే సిల్వర్, అంటే ఓ నీళ్ళ సీసా, ఓ చిరునవ్వు ఎక్కువ. ముప్ఫై పడుకుంటే గోల్డ్, అంటే ఇద్దరికి పొద్దున్న ఫలహారం ఉచితం, గది పన్నెండింటి దాకా మనదే. అరవై పడుకుంటే డైమండ్. ఉన్నవాటిలో మంచి గది మనకే, సాయంత్రం నాలుగింటి దాకా ఎవరూ లేవమనరు, స్టేషన్‌కి కారు పంపిస్తారు. ఈ రాత్రుల లెక్క జనవరి ఒకటిన మళ్ళీ మొదటికొస్తుంది. పాయింట్లు వేరు, అవి ఏళ్ళ తరబడి పోగుపడతాయి. వాటితో ఊరికే గది తీసుకోవచ్చు, కానీ అలా పడుకున్న రాత్రులు కార్డు లెక్కలోకి రావు. ఇవన్నీ నాకెలా తెలుసంటే, బావ ఇంట్లో ఉన్న రోజున చెవిలో జోరీగలా ఇదే చెప్పేవాడు.

ఆయన పిచ్చికి ఒక కారణముంది. పెళ్ళైన ఏడాదికి, సముద్రం ఉన్న ఊళ్ళో మిషన్ పాడైతే అక్కని కూడా వెంట తీసుకెళ్ళాడు. వాళ్ళకి దొరికింది వెనక సందులో లాడ్జి గది. కిటికీ తలుపు తీస్తే చేతికి పక్కింటి గోడ తగిలిందట. అక్క ఆ గోడ మీద చెయ్యి పెట్టి, "ఎప్పుడైనా కళ్ళు తెరవగానే సముద్రం కనబడే గదిలో పడుకోవాలండీ" అందట. ఆ మాటని మా బావ మూటగట్టి దాచుకున్నాడు. అదే ఊళ్ళో, అదే ఒడ్డున ఆ కంపెనీకి హోటలుంది. ఏడు రాత్రులకి సరిపడా పాయింట్లు నాలుగేళ్ళ కిందటే పోగయ్యాయి. కానీ ఉచితంగా వెళ్ళేవాళ్ళకి వెనకవైపు గదులిస్తారు. సముద్రం వైపు కావాలంటే డైమండ్ ఉండాలి.

ఏటా అక్క అడిగేది. "పిల్లల్ని వారం పాటు చెల్లి చూసుకుంటానంటోంది. వెళ్దామా?"

"ఈ ఏడు ఆగు. అరవై అయిపోనీ, దర్జాగా వెళ్దాం" అనేవాడు.

ఒక ఏడు నలభై నాలుగు దగ్గర ఆగింది. ఒక ఏడు యాభై ఎనిమిది. ఊరించి ఊరించి జనవరి ఒకటి వచ్చేసేది, అంతా మళ్ళీ మొదలు. అక్క కొత్త క్యాలెండర్ తగిలించేది.

పోయిన డిసెంబరులో మా బావ పరిస్థితి ఇదీ. యాభై ఒక్క రాత్రులయ్యాయి, ఇంకో తొమ్మిది కావాలి. మార్చిలో రిటైర్మెంటు, అంటే ఇంకో ఏడాది లేదు. చూడబోతే ఏ ఊళ్ళోనూ మిషన్ పాడవడం లేదు. ఫోన్ ముందర పెట్టుకుని కూర్చుని "ఒక్కటీ చెడిపోదేంటి" అని నిట్టూర్చేవాడు.

"జనం కాళ్ళూ చేతులూ విరిగి ఎక్స్‌రేల కోసం ఎదురు చూస్తుంటే మీరు మిషన్లు చెడిపోవాలని కోరుకుంటున్నారు. పుణ్యం పుచ్చిపోతుంది బావా" అన్నాను.

ఒక మంగళవారం సాయంత్రం పసిపిల్లలు వెళ్ళిపోయాక, వంటింటి బల్ల మీద నోటుపుస్తకం పరిచి మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టాడు.

"మన ఊళ్ళో కూడా ఆ హోటలుంది కదా. రెండు స్టాపుల దూరం. రేపట్నుంచి తొమ్మిది రాత్రులు అక్కడ పడుకుంటాను. అరవై అయిపోతాయి."

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "ఇల్లుండగా?"

"ఇల్లుంటే ఏం? పొద్దున్నే వచ్చేస్తాగా. ఇదిగో, నువ్వు కూడా రావచ్చు" అన్నాడు అక్కతో. "ఇద్దరికీ ఒకే గది."

"ఆరింటికి పిల్లల్నెవరు దించుకుంటారు?" అంది అక్క.

 బావ లాభనష్టాల పట్టిక తీశాడు. ఇటు వైపు సముద్రం కిటికీ, నాలుగింటి దాకా గది, కారు. అటు వైపు తొమ్మిది రాత్రులు. ఆయన గొంతులో నిజంగా ఆశ ఉంది. నాకు మాత్రం ఒళ్ళు మండుతోంది. ఆ కోపంలో పుస్తకం లాక్కుని ముందు పేజీలు తిప్పాను. ప్రతి రాత్రికీ తేదీ, ఊరు. కొన్నింటి పక్కన రెండు గీతలు.

"ఈ గీతలేంటి?"

"అవి శుక్రవారాలు. లెక్కలో ఓ రాత్రి కలుస్తుంది, పైగా పాయింట్లు రెట్టింపు" అన్నాడు గర్వంగా.

తేదీలు చూస్తే నా చెయ్యి ఆగదు, అది వృత్తిదోషం. జూలై రెండో శుక్రవారానికి రెండు గీతలున్నాయి. ఆ రోజు నాకు బాగా గుర్తు. "పని మధ్యాహ్నానికే అయిపోయిందట, రాత్రికి వచ్చేస్తాడు" అని అక్క మేడెక్కి వచ్చి మరీ చెప్పింది. బల్ల మీద ఆయన కంచం బోర్లించి, పక్కన గ్లాసు పెట్టి కూర్చుంది. రాత్రి ఎనిమిదింటికి ఫోనొచ్చింది, బస్సు దొరకలేదని. గోడ మీద క్యాలెండర్ జూలైకి తిప్పి చూశాను. ఆ గడి ఖాళీ. ఇంకో గీతల తేదీ చూశాను. అదీ ఖాళీ.

"బావా, జూలైలో బస్సు దొరకలేదన్నారే" అన్నాను.

ఆయన మొహం పాలిపోయింది.

నేను ఆగి ఉండాల్సింది. ముక్కు మీద కోపం, నోరు నా అదుపులో ఉండదు. ఒక్కొక్క శుక్రవారమే పైకి చదివాను. ఒక్క ఆ ఏడాదిలోనే పద్నాలుగు. పని అయిపోయి, బస్సు ఉండి, ఇంటికి రాగలిగి రాని పద్నాలుగు రాత్రులు. అన్నిటికీ అక్క కంచం పెట్టే ఉంటుంది.

"అన్నీ అలా కాదు" అన్నాడు బావ. "నాలుగైదు సార్లు నిజంగానే బస్సు లేదు. మిగతావి... నీ కోసమే కదా. ఆ కిటికీ కోసమే కదా."

 అక్క లేచి ముందుగదిలోకి వెళ్ళి, పొద్దుటి నుంచి ఆరిన పసిపిల్లల బట్టలు మడతపెట్టడం మొదలెట్టింది. మడతపెట్టినవే మళ్ళీ విప్పి మడతపెడుతోంది. నాకు నా నోరు కోసేసుకోవాలనిపించింది.

అయినా బుధవారం సాయంత్రం బావ బయల్దేరాడు. పనిముట్ల పెట్టె లేదు, చేతిలో చిన్న సంచి. గుమ్మం దగ్గర నాతో అన్నాడు. "ఇప్పుడు ఆపేస్తే ఆ శుక్రవారాలన్నీ గంగలో కలిసిపోతాయి మరదలు పిల్లా. ఏదో ఒకటి దక్కాలి కదా ఆవిడకి." నాకు యాభై మూడేళ్ళు. ఆయనకి ఇప్పటికీ నేను మరదలు పిల్లనే. 

గురువారం, శుక్రవారం, శనివారం కూడా అదే తంతు. పొద్దున్న ఏడున్నరకి వచ్చేవాడు, పగలంతా పసిపిల్లల బొమ్మ కార్లకి చక్రాలు బిగించేవాడు, చీకటి పడుతుండగా సంచి తీసుకుని వెళ్ళేవాడు. అక్క ఎప్పట్లాగే గేటు దాకా వచ్చి నిలబడేది. రెండు స్టాపులు వెళ్ళే మనిషిని కూడా మలుపు తిరిగేదాకా చూసేది. మర్నాడు క్యాలెండర్ ముందు నిలబడి పెన్సిల్ తీసుకోకుండానే పక్కకి తప్పుకునేది. అడిగినదానికి జవాబు చెప్పేది తప్ప ఆయనతో తనంతట తాను మాట్లాడలేదు.

ఆదివారం పొద్దున్న ఏడింటికి అక్క ఇస్త్రీ చీర కట్టుకుని మేడెక్కింది.

"నడు. ఆ హోటల్ చూపించు."

"పోట్లాడ్డానికా?"

"ఇద్దరికి ఫలహారం ఉచితమట కదా. ఇన్నేళ్ళూ నా వాటా ఎవరు తింటున్నారో చూద్దాం."

హోటల్ కింది అంతస్తులో ఫలహారాల హాలు. గాజు గోడలు, తెల్ల బట్ట పరిచిన బల్లలు. కిటికీ పక్క బల్ల దగ్గర బావ మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. ఎదురుగా ఇంకో కుర్చీ, దాని ముందు ప్లేటు, స్పూను, మడతపెట్టిన రుమాలు, బోర్లించిన కప్పు. ఎవరో ఉన్నారేమోనని అనుమానపడ్డాను. ఆడబుద్ధి అంటే అనండి.

వడ్డించే ఆవిడ మమ్మల్ని చూసి, "గది నంబరెంతండీ?" అంది.

"అదిగో, ఆయన తాలూకు" అంది అక్క.

ఆవిడ కళ్ళు పెద్దవి చేసింది. "అమ్మయ్య, వచ్చారా! నాలుగు రోజుల్నుంచి రోజూ రెండో ప్లేటు పెట్టించుకుంటున్నారు. మేడమ్ వస్తారంటారు. ఆయన తినేసి వెళ్ళిపోతారు, నేను ప్లేటు తీసేస్తాను. ఇవాళ కూడా తీసేయడమే అనుకున్నా."

అక్క వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంది. బావ చేతిలో రొట్టెముక్క అలాగే ఉండిపోయింది. నేను పక్క బల్ల దగ్గర కుర్చీ లాక్కున్నాను. "ఉచితం ఇద్దరికేనండీ" అంది వడ్డించే ఆవిడ నాతో. నా టీకి నేనే డబ్బులు కట్టాను.

"ఇక్కడేనా, అన్ని ఊళ్ళలోనా?" అంది అక్క, తన ముందున్న కప్పు తిరగేస్తూ.

"అన్ని ఊళ్ళలో" అన్నాడు బావ. "ఇద్దరికీ ఉచితమన్నారు కదా, ఒక్కడికే పెడితే... ఎదురుగా ఖాళీ బల్ల చూస్తూ ముద్ద దిగదు. ప్లేటుంటే నువ్వు చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళావనుకుంటాను."

"శుక్రవారం ఆగిపోయినప్పుడు కూడానా?"

"శనివారం పొద్దున్న కూడా."

 వడ్డించే ఆవిడ టీ పోసి వెళ్ళింది. బావ చక్కెర వేసుకోకుండా తాగడం అక్క చూసింది. ఇంట్లో ఆయన కప్పులో తను రెండు చెంచాలు వేస్తుంది. 

"శుక్రవారం రాత్రి నేను మీ కంచం పెట్టుకుని కూర్చున్నాను" అంది అక్క. "శనివారం పొద్దున్న మీరు నా ప్లేటు పెట్టించుకుని కూర్చున్నారు. మధ్యలో ఒక్క బస్సండీ. ఎక్కితే అయిపోయేది."

బావ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నువ్వే అన్నావు కదా. కళ్ళు తెరవగానే సముద్రం కనబడాలని."

"నేనన్నానా? ఎప్పుడు?"

"లాడ్జిలో. గోడ మీద చెయ్యి పెట్టి."

అక్క గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. నిజంగానే ప్రయత్నించింది, నుదురు ముడిపడింది. "గోడ గుర్తుంది. రాత్రంతా మీరు పక్కన గుర్రు పెట్టడం గుర్తుంది. ఆ మాట గుర్తు లేదండీ."

నేను తల తిప్పుకున్నాను. ఇరవై ఒక్కేళ్ళు ఒక మనిషి మోసిన మాట, అన్నవాళ్ళకే గుర్తులేదు. బావ మీద అంతకుముందున్న కోపమంతా ఎక్కడికి పోయిందో తెలియదు. జాలేసింది, ఆ జాలి నాకేం నచ్చలేదు.

"ఇంక ఐదు రాత్రులే" అన్నాడు బావ, చిన్నపిల్లాడిలా. "ఐదు రాత్రులుంటే సముద్రం వైపు గది."

"ఆ ఐదు రాత్రులూ నాకివ్వండి" అంది అక్క. "వెనకవైపు గదైతే ఏం? నాకు కళ్ళు తెరవగానే మీరు కనబడితే చాలు. సముద్రం ఎక్కడికీ పోదు, లేచి నడిచి వెళ్దాం."

ఆయన బల్ల మీదున్న గది తాళం కార్డు వంక చూశాడు. వేలితో దాన్ని అటూ ఇటూ జరిపాడు. మా బావ లోపల లాభనష్టాలు బేరీజు వేస్తున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. నాలుగింటి దాకా గది. స్టేషన్‌కి కారు. కిటికీ. పద్నాలుగు శుక్రవారాలు. ఎంత కష్టంగా ఉందో మొహంలోనే ఉంది. అక్క తన ప్లేట్లో రొట్టె వేసుకుని తినడం మొదలుపెట్టింది. ఆమె తింటుంటే కాసేపు ఊరికే చూశాడు. తర్వాత లేచి కౌంటర్ దగ్గరికి వెళ్ళి మిగతా ఐదు రాత్రులూ రద్దు చేయించాడు.

యాభై ఐదు దగ్గర ఆగిపోయింది లెక్క. అదే కౌంటర్ దగ్గర, ఉన్న పాయింట్లతో మరుసటి వారానికి ఏడు రాత్రులు రాయించేశాడు, వెనకవైపు గది. జనవరి దాకా కూడా ఆగలేదు, మళ్ళీ మనసు మారుతుందని భయమేసిందేమో.

నేను సెలవు పెట్టి పసిపిల్లల్ని చూసుకున్నాను. మూడు రోజులకే తల ప్రాణం తోకకొచ్చింది. నాలుగో రోజు అక్క ఫోన్ చేసింది.

"గదెలా ఉంది?"

"కిటికీలోంచి నీళ్ళ ట్యాంకులు, ఆరేసిన దుప్పట్లు కనబడతాయి. హోటల్ దుప్పట్లన్నీ ఇక్కడే ఆరేస్తారు."

"సముద్రం?"

"పొద్దున్నే నడుచుకుంటూ వెళ్తున్నాం. మీ బావకి రోజూ ఒకటే బాధ, ముందువైపు గదుల కిటికీలు చూపించి, అదిగో అదీ, అదిగో అదీ అంటాడు. నేను ఇటు చూడండీ అని సముద్రం చూపిస్తాను."

"ఫలహారం?"

"రెండు ప్లేట్లు" అంది. "టీలో చక్కెర వెయ్యడం మానేశాను." ఫోన్ పెట్టేసింది.

సోమవారం మధ్యాహ్నం వచ్చారు. ఇద్దరూ ఎండకి నల్లబడ్డారు. బావ సంచి గుమ్మంలోనే వదిలేసి స్నానానికి వెళ్ళాడు. అక్క చెప్పులు విప్పి నేరుగా వంటింట్లోకి వెళ్ళింది. పసిపిల్లలు కాళ్ళకి చుట్టుకుంటున్నా ఆగలేదు. వెనకే వెళ్ళాను. క్యాలెండర్ ముందు నిలబడి ఎర్ర పెన్సిల్ అందుకుంది. పోయిన సోమవారం దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క గడికీ సున్నా చుట్టింది, మెల్లగా, గీత ఎక్కడా పక్కకి పోకుండా. ఏడు.

"అదేంటక్కా" అన్నాను, వృత్తిదోషం కదా. "సున్నా బావ ఇంట్లో పడుకున్న రాత్రికి కదా. ఈ వారమంతా ఇంట్లో నేనే ఉన్నాను. ఒక్క రాత్రీ పడుకోలేదు ఆయన."

అక్క చుట్టినవి వేలితో తాకుతూ మళ్ళీ లెక్కపెట్టుకుంది.

"ఇంట్లోనే పడుకున్నాడు" అంది.